ఎడ్మండు హేలీ పండితుడు – నీటి అడుగున రెండవ ఊపిరి

మహనీయుల చరిత్రములను చదువుట విద్యార్థులకు మిక్కిలి ఉపయోగకరము. వారు సాధించిన విజయములను మాత్రమే గాక, ఆ విజయములకై ముందుగా చేసికొనిన సిద్ధపాటును తెలిసికొనుట మరింత ఉపయోగకరము. అందుచేత ఈ సంచికలో ఎడ్మండు హేలీ పండితుని జీవితమును మా చదువరులకు తెలుపనెంచితిమి. హేలీ అనగానే అందరికిని తోకచుక్క జ్ఞాపకమునకు వచ్చును. కాని ఆకాశమును పరిశోధించిన ఈ పండితుడే సముద్రపు అడుగున కూర్చుండి పనిచేసెననియు, అచ్చట మనుష్యులు బ్రతుకుటకు మొదటి గాలి అయిపోకమునుపే రెండవ గాలిని అందించు ఉపాయమును కల్పించెననియు ఎరిగినవారు తక్కువ. కావున మేము ఆ భాగమునే విస్తరించి వ్రాయుచున్నాము.

హేలీ 1656వ సంవత్సరమున లండను నగర సమీపమున జన్మించెను. తండ్రి సబ్బు చేసి అమ్మి ధనము గడించిన వర్తకుడు. ఆయన తన కుమారుని చదువునకు వెనుదీయక ఖర్చు పెట్టెను. బాలుడు సెయింటు పాల్సు పాఠశాలలో చదివి, 1673లో ఆక్స్‌ఫర్డునందలి క్వీన్సు కళాశాలలో చేరెను. నక్షత్రములను చూచుటయం దాతనికి చిన్ననాటినుండియు మిక్కిలి ఆసక్తి. ఉత్తరార్ధగోళపు నక్షత్రములను ఇతర పండితులు పట్టికలుగా వ్రాయుచుండగా, దక్షిణాకాశము పరిశోధింపబడక మిగిలియున్నదని గ్రహించి, ఇరువది సంవత్సరముల వయస్సున, పట్టము పుచ్చుకొనకయే, 1676లో ఈస్టిండియా కంపెనీవారి ఓడ ఎక్కి సెయింటు హెలీనా ద్వీపమునకు పోయెను. అచ్చట మేఘములు తరచుగా ఆకాశమును కప్పుచు ఆయన ఓరిమిని పరీక్షించినవి. అయినను 341 నక్షత్రముల స్థానములను గుర్తించి ఇంటికి మరలివచ్చి 1679లో ఆ పట్టికను ప్రకటించెను. అంతకు ముందే, 1678లో, ఇరువదిరెండవ యేట రాయల్ సొసైటీ అను విద్వత్సంఘమువారు ఆయనను సభ్యునిగా చేర్చుకొనిరి.

న్యూటను పండితుని గొప్పతనమును లోకమునకు వెల్లడిచేసినవారిలో హేలీ ముఖ్యుడు. 1684లో ఆయన కేంబ్రిడ్జికి పోయి, గ్రహముల గతినిగూర్చి న్యూటనును ప్రశ్నించెను. ఆ ప్రశ్నయే ప్రిన్సిపియా అను మహాగ్రంథమునకు బీజమయ్యెను. గ్రంథము సిద్ధమగునప్పటికి రాయల్ సొసైటీ ఖజానా చేపలనుగూర్చిన యొక పెద్ద పుస్తకమును అచ్చు వేయించుటచేత వట్టిపోయియుండెను. అప్పుడు హేలీ తన సొంత ధనమును వెచ్చించి, అచ్చుప్రతులను తానే దిద్ది, 1687లో న్యూటను గ్రంథమును వెలువరించెను. సొసైటీవారు ఆయనకు ఈయవలసిన జీతమునకు బదులుగా అమ్ముడుపోని చేపల పుస్తకములనే ఇచ్చిరి. కొలది సంవత్సరములకే ఆయన ఆ చేపలు తిరుగాడు చోటికే దిగవలసివచ్చెను.

ఆ సంగతి యిది. ఆఫ్రికా ఖండపు పడమటి తీరమునుండి బంగారమును, ఏనుగుదంతములను తెచ్చుచున్న గినీ అను ఓడ ఇంగ్లండు దక్షిణ తీరమున పాగ్‌హామను గ్రామమునకు ఎదుట మునిగెను. అది రాయల్ ఆఫ్రికన్ కంపెనీవారిది. ఆ కంపెనీవారు బానిసల వ్యాపారముకూడ చేసిరన్న సంగతిని మేము దాచము. మునిగిన సొత్తును వెలికితీయు పనిలో 1691లో హేలీ పాల్గొనెను.

నీటి అడుగున పనిచేయుటకు ఆ కాలమున గంటవంటి సాధనము వాడుకలో నుండెను. దాని మర్మమును మన విద్యార్థులు ఇంటివద్దనే తెలిసికొనవచ్చును. ఒక గాజు లోటాను బోర్లించి, తిన్నగా నీళ్లతొట్టిలో ముంచినచో, లోపలి గాలి నీటిని పైకి రానీయదు. లోటాకు బదులుగా మనుష్యులు పట్టునంత పెద్ద గంటను బోర్లించి సముద్రములో దింపినచో, అందులోని గాలిని పీల్చుచు మనుష్యులు కొంతసేపు బ్రతుకగలరు. స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోము రేవులో 1628లో మునిగిపోయిన వాసా అను యుద్ధనౌకనుండి 1664, 1665 సంవత్సరములలో ఏబదికి పైగా ఫిరంగులను ఇట్టి గంట సాయముననే పైకి తీసిరి. కాని ఆ గంటలలోనికి క్రొత్తగాలి వచ్చు మార్గము లేదు. పనివాడు తనతో తీసికొనిపోయిన గాలి చెడగానే పైకి రావలెను. ఆలస్యమైనచో మరణమే. నీటి చలియు వానిని ఎంతోసేపు నిలువనీయదు.

ఇందులో మరియొక చిక్కు కలదు. లోతు హెచ్చినకొలది నీటి ఒత్తిడి హెచ్చును. ఒత్తిడి హెచ్చినకొలది గాలి కుంచించుకొనిపోవునని 1662లో బాయిలు పండితుడు ప్రకటించియుండెను. గంట 33 అడుగులు దిగునప్పటికి లోపలి గాలి సగమగును, తక్కిన సగము నీటితో నిండును. అరువది అడుగుల లోతున గాలి మూడవవంతుకన్న కొంచెము మాత్రమే అధికముగా నుండును. పనివాడు మెడవరకు చల్లని నీటిలో నిలిచి పనిచేయవలసివచ్చును. హేలీ మరియొక లెక్కకూడ వేసెను. తిత్తిలోనున్న ఒక గ్యాలను గాలిని ఒక మనుష్యుడు మరల మరల పీల్చి విడిచినచో, అది ఒక నిమిషమునకు మించి కొంచెముసేపటిలోనే పీల్చుటకు పనికిరాకుండపోవునని ఆయన కనుగొనెను. ప్రాణవాయువన నేమో, బొగ్గుపులుసు వాయువన నేమో అప్పటి పండితులెవ్వరును ఎరుగరు. కారణము తెలియకున్నను, కొలత తెలిసికొని, ఆ కొలతకు తగిన ఏర్పాటు చేయుట హేలీ బుద్ధిసూక్ష్మతకు తార్కాణము.

ఆయన కొయ్యతో గంటను చేయించెను. దాని ఎత్తు 8 అడుగులు; పై వెడల్పు 3 అడుగులు, క్రింది వెడల్పు 5 అడుగులు. ఖాళీగానున్నను మునుగునంత బరువుగా దానికి సీసపు రేకు తొడిగించెను. వెలుతురు వచ్చుటకు పై భాగమున దళసరి గాజును బిగించెను. మనుష్యులు విడిచిన వేడిగాలి పైకి చేరును గనుక దానిని వెలుపలికి పంపుటకు అచ్చటనే ఒక కుళాయిని పెట్టించెను. గంట క్రింద మూడడుగుల దిగువను, మనుష్యులు నిలుచుటకు ఒక బల్లను త్రాళ్లతో వ్రేలాడదీసి, అది కదలకుండ బరువులు కట్టించెను.

ఇంతవరకు గంటను గూర్చి వ్రాసితిమి. ఇక అసలు ఉపాయమును వినుడు. సుమారు 36 గ్యాలనులు పట్టు రెండు పీపాలను చేయించి, అవి నీటిలో మునుగునట్లు వాటికిని సీసము తొడిగించెను. ప్రతి పీపా అడుగున, నీరు లోపలికి వచ్చుటకు ఒక రంధ్రముండును. పై భాగముననున్న రంధ్రమునకు నూనెయు మైనమును పట్టించిన తోలుగొట్టమొకటి బిగింపబడియుండును. ఆ గొట్టపు కొన పీపా అడుగునకన్న దిగువకు వ్రేలాడునంత పొడవుగానుండును. కొన అట్లు దిగువగానున్నంతకాలము పీపాలోని గాలి బయటికి పోజాలదు. పీపా గంటవద్దకు చేరగానే, బల్లమీద నిలుచున్న మనుష్యుడు ఆ కొనను పట్టుకొని గంటలోనికి ఎత్తును. వెంటనే క్రింది రంధ్రమునుండి నీరు లోపలికి చొచ్చి, గాలిని గొట్టముద్వారా గొప్ప వేగముతో గంటలోనికి నెట్టివేయును. ఒక పీపా వట్టిపోయి పైకి పోవుచుండగా, రెండవ పీపా నిండుగా క్రిందికి వచ్చుచుండును. గిలకబావిలో రెండు చేదలు ఒకటి ఎక్కగా మరియొకటి దిగునట్లు ఈ పీపాలు ఎడతెగక నడచుచుండెను.

గంటను దింపునప్పుడును హేలీ తొందరపడలేదు. ఇంచుమించు ప్రతి పండ్రెండు అడుగులకు ఆగి, మూడు నాలుగు పీపాల గాలిని లోనికి తీసికొని, ఎక్కివచ్చిన నీటిని వెలుపలికి త్రోసి, ఆ పిమ్మటనే మరల దిగుచుండెను. ఈ విధముగా ఆయన స్వయముగా మరి నలుగురితో కూడి, తొమ్మిది పది బారల లోతున, అనగా 54 మొదలు 60 అడుగుల లోతున, గంటన్నర కాలమునకు పైగా సుఖముగా కూర్చుండెను. ఇతరులను పంపి తాను ఒడ్డున నిలుచుండక, తన ఉపాయము మంచిదో కాదో తన ప్రాణముతోనే పరీక్షించుకొనెను.

ఆ అడుగున ఆయన చూచిన వింతలు అనేకము. దిగునప్పుడు చెవులలో ఈకను గ్రుచ్చినట్లు నొప్పి కలుగుచు, పిమ్మట ఏదో విచ్చుకొనినట్లయి శమించుచుండెను. ఈ బాధ తప్పించుకొనవలెనని ఒకడు నమిలిన కాగితమును చెవులలో క్రుక్కుకొనగా, ఒత్తిడికి అది లోపలికి దిగి, వైద్యుడు దానిని మిక్కిలి కష్టముతో తీయవలసివచ్చెను. సముద్రము నిమ్మళముగా నుండి ఎండ కాయుచున్నప్పుడు లోపల చదువుటకును వ్రాయుటకును తగిన వెలుతురుండెను. సీసపు రేకుమీద ఇనుప కలముతో వ్రాసి, వట్టి పీపాలతోకూడ తన ఆజ్ఞలను పైవారికి పంపుచుండెను. ఎండవెలుతురులో చేయి చాచి చూడగా దాని పైభాగము గులాబి రంగుగాను, క్రిందిభాగము ఆకుపచ్చగాను కనబడెను. ఈ సంగతిని న్యూటను వెలుతురును గూర్చిన తన గ్రంథములో చేర్చెను.

గంటను విడిచి కొంతదూరము నడచుటకును ఆయన ఏర్పాటు చేసెను. పనివాడు తలమీద గాజు కన్నుగల సీసపు టోపీని ధరించును. గంటనుండి ఒక గొట్టము ఆ టోపీలోనికి గాలిని తెచ్చును. గొట్టమును చేతికి చుట్టుకొని విడుచుచు పోవును గనుక, తిరిగివచ్చునప్పుడు అదియే త్రోవ చూపును. చలిని ఓర్చుకొనుటకు దళసరి ఉన్నిబట్టలను ధరించు ఉపాయమును చెప్పెను. చలి చిన్న విషయము కాదు. చల్లని నీరు శరీరపు వేడిని లాగివేయును, వ్రేళ్లు తిమ్మిరెక్కును, ఊపిరి వడివడిగా ఆడును. ఊపిరి వడియైనకొలది గాలి ఖర్చు హెచ్చును. కావున చలినీటిలో దిగువానికి రెండవ గాలి అవసరము మరింత అధికము.

హేలీ ఈ పనిలోనుండగానే ఆయన జీవితములో ఒక పెద్ద పరీక్ష సంభవించెను. 1691లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఖగోళశాస్త్రాచార్య పదవి ఖాళీ అయ్యెను. హేలీ ఆ పదవిని కోరెను. కాని పాగ్‌హామువద్ద పని నడుచుచుండుటచేత వెంటనే విడిచిపోజాలక, నిర్ణయమును కొంచెము ఆపుడని మిత్రునికి జాబు వ్రాసెను. ఇంతలో ఆయన మతవిశ్వాసమును గూర్చి సందేహములు బయలుదేరెను. లోకము అనాదియని ఆయన నమ్ముచున్నాడని కొందరు నిందించిరి. రాజఖగోళజ్ఞుడగు ఫ్లామ్‌స్టీడును ఆయనకు ప్రతికూలుడయ్యెను. తుదకు ఆ పదవి డేవిడ్ గ్రెగరీ అను పండితునికి లభించెను. హృదయములను ఎరిగినవాడు దేవుడొక్కడే గనుక ఆ నిందను గూర్చి మేము తీర్పు చెప్పము. అంతటి ఆశాభంగము కలిగినను హేలీ పని మానలేదన్న సంగతిని మాత్రము చూపుచున్నాము. 1704లో అదే విశ్వవిద్యాలయమువారు ఆయనను క్షేత్రగణితాచార్యునిగా నియమించిరి.

ఈ మధ్యకాలమున ఆయన పారమూరు అను చిన్న ఓడకు నాయకుడై, దిక్సూచి ముల్లు ఏయే చోట ఎంత తొలగునో కనుగొనుటకు 1698 మొదలు 1700 వరకు అట్లాంటికు సముద్రమున రెండు యాత్రలు చేసెను. మొదటి యాత్రలో క్రిందియుద్యోగి ఎదురుతిరుగుటచేత మరలివచ్చెను. రెండవ యాత్రలో దక్షిణమున మంచుకొండల నడుమ పొగమంచులో చిక్కి, ప్రాణాపాయమును దాటి బయటపడెను. ఆ యాత్రల ఫలమగు పటమును 1701లో ప్రకటించెను. 1705లో తోకచుక్కలనుగూర్చిన గ్రంథమును వెలువరించి, 1531, 1607, 1682 సంవత్సరములలో కనబడినది ఒక్కటే తోకచుక్కయనియు, అది 1758లో మరల వచ్చుననియు తెలిపెను. నీటి అడుగున బ్రతుకు విధమును గూర్చి తాను నేర్చినదానిని 1716లో రాయల్ సొసైటీ పత్రికలో వ్రాసెను. 1720లో, అరువదినాలుగవ యేట, రాజఖగోళజ్ఞుడై, పదునెనిమిది సంవత్సరములు పట్టు చంద్రగతి పరిశోధనమును ధైర్యముతో ప్రారంభించెను. 1742వ సంవత్సరము జనవరి నెలలో, ఎనుబదియైదు సంవత్సరములు నిండినవాడై, పరలోకగతుడయ్యెను. 1758వ సంవత్సరము క్రిస్మసు రాత్రి జర్మనీలో డ్రెస్డెను నగర సమీపమున పాలిట్‌ష్ అను సేద్యగాడు ఆ తోకచుక్కను మొదట చూచెను. అది 1910లో మరల రాగా మన గురజాడ అప్పారావుగారు తమ ముత్యాల సరములలో దానిని పేర్కొనిరి. 1986లో వచ్చి పోయినది. 2061లో మరల రావలసియున్నది.

హేలీ గంటయందు ఒక కొరత లేకపోలేదు. రెండవ గాలి పైనున్న మనుష్యుల చేతులమీదను, త్రాళ్లమీదను ఆధారపడియుండెను. స్కాట్లండు దేశస్థుడగు చార్లెసు స్పాల్డింగు ఆ గంటను బాగుచేసి, దానితో అనేక పర్యాయములు దిగి పైకివచ్చెను. కాని 1783లో డబ్లిను అఖాతమున మునిగిన ఓడవద్దకు దిగి, తన బంధువగు యువకునితో కూడ గంటలోనే మరణించెను. ఎంతటి నేర్పరికైనను గాలి అందని క్షణమే కడపటి క్షణము. 1789 ప్రాంతమున స్మీటను అను ఇంజనీయరు గాలిని పంపుతో గంటలోనికి ఎడతెగక పంపు పద్ధతిని అమలుపరచెను. హేలీ కూర్చుండిన లోతున అంతసేపు ఉన్నవారు మెల్లమెల్లగా, ఆగుచు పైకి రావలెనన్న నియమమును 1908లో హాల్డేను పండితుడు తన పట్టికలచే స్థాపించెను.

ఈ కాలపు ఈతగాండ్రు గంటను విడిచి, ఒత్తిడిచే నింపిన గాలిసిలిండరును వీపున మోసికొని స్వేచ్ఛగా తిరుగుచున్నారు. 1943లో ఫ్రాన్సు దేశమున కుస్తో, గాన్యా అనువారు సిద్ధపరచిన సాధనమునుండి ఈ పద్ధతి వ్యాపించినది. దీనినే స్కూబా అందురు. అయినను హేలీ ఎదుర్కొనిన ప్రశ్న తీరలేదు. చలినీటిలో అది మరింత కఠినముగా నున్నది. సిలిండరులోని గాలి ఒత్తిడి తగ్గి వ్యాపించునప్పుడు మిక్కిలి చల్లబడును. చుట్టునున్న నీరుకూడ గడ్డకట్టు స్థితికి దగ్గరగా నున్నచో, గాలిని విడుచు రెగ్యులేటరు అను యంత్రముమీద మంచు పేరుకొని, దాని కవాటము తెరచినది తెరచినట్లే బిగిసిపోవును. అప్పుడు గాలి బుడబుడమని వెలువడి, నిండు సిలిండరైనను కొలది నిమిషములలో వట్టిపోవును. అందుచేత వివేకులగు ఈతగాండ్రు వేరొక చిన్న సిలిండరును, దానికి వేరొక రెగ్యులేటరును తగిలించి తీసికొనిపోవుదురు. రెండవది మొదటిదానితో సంబంధము లేక స్వతంత్రముగా నుండవలెను. రెండింటికిని ఒకటే కవాటమైనచో, ఒకదానికి కలిగిన చెరుపు రెండవదానికిని కలుగును.

గణితమునం దాసక్తిగల విద్యార్థులు ఈ లెక్కను వేసి చూతురుగాక. మూడు లీటర్ల సిలిండరులో 200 రెట్ల ఒత్తిడితో నింపిన గాలి, పైకి తీసినచో 600 లీటర్లగును. గట్టుమీద నిమిషమునకు 20 లీటర్లు పీల్చు మనుష్యుడు, 30 మీటర్ల లోతున నాలుగు రెట్లు, అనగా 80 లీటర్లు ఖర్చు చేయును. ఆ లెక్కన చిన్న సిలిండరు ఏడున్నర నిమిషములకు చాలును. చలిచేతను భయముచేతను ఊపిరి రెట్టింపైనచో నాలుగు నిమిషములైనను రాదు. ఇది తిన్నగా పైకి చేరుటకు చాలును గాని, అచ్చట నిలిచి పని ముగించుటకు చాలదు. చేతనున్న సిలిండరు నిండుగా నున్నదో లేదో దిగకమునుపే చూడవలెను. దానిని నోట పెట్టుకొనుట వెచ్చని లోతులేని నీటిలో ముందుగా అభ్యసించవలెను. తిమ్మిరెక్కిన వ్రేళ్లతో చీకటిలో క్రొత్తపని నేర్చుకొనుట ఎవరికిని సాధ్యము కాదు.

ప్రియ విద్యార్థులారా, పెండ్లికుమారునికై వేచియున్న పదిమంది కన్యకల ఉపమానమును మీరు సువార్తలో చదివియున్నారు. అందరి దివిటీలును మొదట వెలుగుచునే యుండెను. నడిరాత్రి పిలుపు వచ్చినప్పుడు సిద్దెలలో వేరుగా నూనె తెచ్చుకొన్నవారు మాత్రమే లోపలికి పోగలిగిరి. హేలీ పీపాలును, చలినీటి ఈతగాని చిన్న సిలిండరును అట్టి నూనెసిద్దెలే. అవసరము లేని దినమున అది వట్టి బరువుగా కనబడును. దానిని మోయువాడు పిరికివాడని తోటివారు నవ్వవచ్చును. కాని హేలీ పిరికివాడు కాడు. సముద్రపు అడుగునకు, మంచుకొండల నడుమకు పోయినవాడు. ధైర్యము, ముందుచూపు ఒకదానికొకటి విరోధులు కావని ఆయన జీవితము మనకు చూపుచున్నది. తాను చూడజాలని తోకచుక్కను గూర్చి తరువాతివారికి లెక్క వ్రాసిపెట్టిన ఆ చేయియే, గంటలోని తన తోటివారికి రెండవ పీపా గొట్టమును ఎత్తి ఇచ్చినది. తల్లిదండ్రులును ఉపాధ్యాయులును మీకు నేర్పు పాఠములలో కొన్ని నేడు బరువుగా తోచవచ్చును. వాటిని వదలక మోయుడు. ఎప్పుడు వాటి అవసరము వచ్చునో మనలో నెవ్వరమును ఎరుగము.